గుడిదీర్ఘం పోయిన తలుపు

మాస్టారు ఆ గుడిదీర్ఘాన్ని మొట్టమొదటిసారి కొట్టేసినప్పుడు తెలిసే కొట్టేశారా, తెలియక కొట్టేశారా? కళ్లజోడు మూడుసార్లు మార్చినా నాకు ఈ ఒక్కటి మాత్రం కనబడలేదు. తెలియక అనుకుంటే ఆయన పని తెలిసిన ప్రూఫ్ రీడరు. తెలిసి అనుకుంటే ఏమనాలో నాకు తోచదు.

చూస్తే అది ఎంతో చిన్న సంగతి. 'వీధి' అన్న మాటలో మొదటి అక్షరం మీది తోక కత్తిరిస్తే 'విధి' అవుతుంది. కానీ ఆ తోక ఉంటే, ఒక అన్న సొంత చెల్లెలికి వీధి తలుపు తీయకుండా లోపల నిలబడ్డాడు. తోక లేకపోతే, ఆ తలుపు విధి మూసింది. అన్న పాపం ఏం చేస్తాడు? ఏడు సంపుటాల కథ, ఆ కథలో అన్న దోషం, దాన్ని దిద్దిన మనిషి ముప్పయ్యేళ్ల నిద్ర, అన్నీ ఆ తోక దగ్గరే ఉన్నాయి.

నేను ఆ ప్రెస్సులో కాపీ హోల్డరుని. రచయిత చేతిరాత పట్టుకుని పైకి చదవడం నా పని. అచ్చు కాగితం ముందు పెట్టుకుని, నా గొంతు వింటూ, తప్పులు దిద్దడం మాస్టారి పని. ఒకే బల్లకు అటొకరూ ఇటొకరూ పద్దెనిమిదేళ్లు కూర్చున్నాం. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకే చదవాలి. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. "నేను చెప్పేది మీకసలు వినబడుతోందా ప్రశ్నార్థకం" అని మా ఆయన మీద అరిచిన రోజులున్నాయి.

మాస్టారు సన్నగా, పొడుగ్గా, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని ఉండేవారు. కుడి బొటనవేలు ఎప్పుడూ ఎర్రగా ఉండేది, సిరా వల్ల. ఎదురుగా అందరికీ మాస్టారు, వెనకాల అనుమానం మాస్టారు. ఆ పేరు ఊరికే రాలేదు. టీ గ్లాసు రాగానే దాని మీద కాగితం, కాగితం మీద స్కేలు. సిరా బుడ్డి మీద సిరా ఎక్కడి దాకా ఉందో పెన్సిల్ గీత. అన్నం క్యారియరుకి దారం చుట్టి తనకు మాత్రమే తెలిసిన ముడి.

"ఆ ముడి విప్పడం వచ్చినవాడు మీ పప్పన్నం ఎందుకు తింటాడు మాస్టారూ, తిన్నగా బ్యాంకుకే పోతాడు" అనేవాడు మా కంపోజరు. వాడి పేరు ప్రెస్సులో తొందర. అక్షరాలు కూర్చే వేగం అలాంటిది, తప్పుల సంఖ్య కూడా అలాంటిదే.

"నీలాంటివాడు పక్క గదిలో ఉన్నన్నాళ్లూ నేను దేన్నీ నమ్మను" అనేవారు మాస్టారు. "ప్రూఫ్ రీడరు నమ్మాడా, పుస్తకం మునిగినట్టే."

సాయంత్రం ప్రెస్సు మూసేటప్పుడు చూడాలి. వీధి తలుపు గడియ ఆయనే వేసి, పెరటి దారిన చుట్టూ తిరిగి ముందుకు వచ్చి, తలుపు నెట్టి చూసేవారు.

"వేశానా?"

"వేశారు మాస్టారూ."

"నువ్వు చూశావా, నేనన్నానని అంటున్నావా?"

"చూశాను మహాప్రభో."

మళ్లీ నెట్టేవారు. మూడుసార్లు నెడితే గానీ ఆయన కాళ్లు ఇంటివైపు కదిలేవి కావు.

ఆయనకు ఒకే ఒక్క గర్వం. తను దిద్దిన పుస్తకం చివర ఎప్పుడూ తప్పొప్పుల పట్టిక పడలేదు. అచ్చయిపోయాక బయటపడ్డ తప్పుల్ని ఒక చీటీ మీద 'తప్పు' ఒకవైపు, 'ఒప్పు' ఒకవైపు వేసి చివరి పేజీకి అంటిస్తారు చూడండి, అది. "అలాంటి చీటీ నా పుస్తకానికి అంటించాల్సొస్తే ఆ రోజే చెప్పులేసుకుని వెళ్లిపోతా" అనేవారు. ఇరవయ్యారేళ్లలో వేసుకోలేదు.

నేను చేరిన కొత్తలో ఆయన నాకు రెండు పాఠాలు చెప్పారు. ఒకటి: చదివేటప్పుడు ఏ మాట మీదైనా అనుమానం వస్తే దాని కింద చిన్న చుక్క పెట్టు, నేను చూస్తాను. రెండోది ప్రెస్సులన్నిట్లోనూ ఉన్నదే: పొరపాటున కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెడితే, 'ఉన్నది ఉన్నట్టే ఉండనీ' అని అర్థం. మొదటి పాఠం మాత్రం ఆయన సొంతం. ఆ తర్వాత ఇంకో రెండు ప్రెస్సుల్లో పనిచేశాను, ఆ పద్ధతి ఎక్కడా చూడలేదు.

అందుకే ఆ కట్ట విప్పిన రోజు నాకు ఒళ్లు జల్లుమంది.

రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. పంపినవారి చోట ఏదో దూరపు రేవు పట్నం పోస్టుబాక్సు నంబరు మాత్రం ఉంది. పుస్తకం పేరు 'నల్లరాయి వంశం', మొదటి సంపుటం. రచయిత పేరు 'గడప'. ఓనరు గారు రెండు అధ్యాయాలు చదివి, పడితే పడింది లెమ్మని ఒప్పుకున్నారు. నిప్పులు కక్కే పక్షులు, రాళ్లను తడిమి జాతకం చెప్పే గుడ్డి ముసలమ్మ, ఏడు ద్వారాల కోట, పేజీకో రాజు. ఆ హంగంతా పక్కన పెడితే లోపల మిగిలేది ఇద్దరు. ఒక అన్న, ఒక చెల్లెలు. చెల్లెలు పుట్టిన రోజున గుడ్డి ముసలమ్మ రాయి తడిమి, "అన్న చెయ్యే దీనికి తలుపు" అంటుంది. ఆ మాటకు మంచి అర్థం చెప్పుకోవాలో చెడు అర్థం చెప్పుకోవాలో ఎవరికీ తెలియదు. తండ్రి భయపడి ఇద్దర్నీ వేరువేరుగా పెంచుతాడు. అయినా అన్న చాటుగా చెల్లెలికి అక్షరాలు నేర్పుతాడు. అక్కణ్ణుంచి కథ.

ఆ చేతిరాతలో, కష్టమైన మాటల కింద, అక్కడక్కడా చిన్న చుక్కలున్నాయి.

"మాస్టారూ, ఇది మీ దగ్గర పనిచేసినవాళ్లెవరో రాసినట్టుంది" అన్నాను.

ఆయన కట్ట నా చేతిలోంచి లాక్కుని, కళ్లజోడు పైకెత్తి, దగ్గరగా చూశారు. చాలాసేపు చూశారు.

"ఈగలు పెట్టుంటాయి" అన్నారు. "చదువు."

చదివాను. పన్నెండో అధ్యాయంలో కోట మీద దాడి జరుగుతుంది. శత్రువుల గుట్టు తెలుసుకుని చెల్లెలు వానలో పరిగెత్తుకుంటూ వస్తుంది.

"అన్న చేతిలో ఉన్నది వీధి తలుపు గడియ ఫుల్‌స్టాప్ చెల్లెలు మూడుసార్లు కొట్టింది ఫుల్‌స్టాప్..."

"విధి తలుపు" అన్నారు మాస్టారు తల ఎత్తకుండా.

"వీధి అనుంది మాస్టారూ. గుడిదీర్ఘం ఉంది."

"ఉంటుంది. రాసేవాళ్లకి గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలిస్తే నాకు జీతమెందుకు?"

"కింద చుక్క లేదు. అంటే ఆ మాట మీద వాళ్లకి అనుమానం లేదనేగా?"

"ఏమ్మా, ఏడు ద్వారాల కోటకి వీధి తలుపేమిటి? నీ ఇంటికుంటుంది, నా ఇంటికుంటుంది. రాజుకి ద్వారాలుంటాయి. ఇది జాతకం కథ. విధి తలుపు. బుర్ర పెట్టి చదువు."

కాదనడానికి లేదు. మాట అందంగా కూడా ఉంది. ఎర్రసిరాతో చిన్న గీత, తోక పోయింది. ఆ సంపుటంలో మొత్తం నలభై ఒక్క చోట్ల పోయింది. నా అనుమానమల్లా ఒక్కటే. ఏ తప్పు దిద్దినా ఆయన చెయ్యి నిబ్బరంగా కదిలేది. ఆ మొదటి గీత మాత్రం వంకరపోయింది.

పుస్తకం వచ్చాక ఎవరూ ఊహించనిది జరిగింది. జనం ఎగబడ్డారు. ముఖ్యంగా 'విధి తలుపు' అన్న మాట నోళ్లలో పడింది. బస్సు తప్పిపోయినవాడు "విధి తలుపు వేసేసిందిరా" అనేవాడు. ఓనరు గారు ఉత్తరాలు పైకి చదివి మురిసిపోయేవారు.

"చూశారా మాస్టారూ? ఎంత గొప్ప మాట కనిపెట్టారో ఆ రచయిత!"

మాస్టారు ప్రూఫులోంచి తల ఎత్తేవారు కాదు.

ప్రూఫులు పంపమంటారా అని ఓనరు గారు రాస్తే రచయిత దగ్గర్నుంచి జవాబు ఒక్క లైను: 'నాకు పంపనక్కర్లేదు, మీ దగ్గర చూసేవారు చూస్తే చాలు.' ఓనరు గారు దాన్ని మెచ్చుకోలు అనుకున్నారు. నాకు అలా అనిపించలేదు. మన దగ్గర చూసేవారెవరో ఆ మనిషికెలా తెలుసు?

రెండో సంపుటం వచ్చింది. అచ్చయిన మొదటి పుస్తకం చూసిన తర్వాతే గదా రాసుంటారు? అయినా మళ్లీ 'వీధి తలుపు' అనే ఉంది. కింద చుక్క లేదు. తిట్టూ లేదు, ఫిర్యాదూ లేదు. మాస్టారు మళ్లీ తోక కత్తిరించారు. మూడో సంపుటంలో ఆ మాట కాస్త లావుగా రాసి ఉంది. నాలుగోదాంట్లో గుడిదీర్ఘం పెద్ద కొక్కెంలా వంపు తిరిగి ఉంది. ఆయన కొట్టేస్తూనే ఉన్నారు. రెండు వందల మైళ్ల దూరం నుంచి ఇద్దరు మనుషులు ఒక్క అక్షరం తోక పట్టుకుని అటొకరూ ఇటొకరూ గుంజుకుంటున్నారనీ, మధ్యలో ఉన్నది నా గొంతేననీ నాకు మెల్లగా అర్థమైంది.

అప్పటికి ప్రెస్సంతా అనుమానాల పుట్ట అయింది. ఓనరు గారికి మాస్టారి మీదే అనుమానం.

"ఎవరు రాసినా వంద ప్రశ్నలేసే మనిషి, ఈ పుస్తకానికి ఒక్క ప్రశ్న వెయ్యడం చూశావా నువ్వు?" అని నన్ను పక్కకు పిలిచి గుసగుసలాడారు. "రాసేది ఆయనే. పోస్టుబాక్సు ఒక నాటకం."

మాస్టారికేమో మా అందరి మీదా అనుమానం. ఒకరోజు భోజనాల వేళ ఒక్కొక్కర్నీ పిలిచి తెల్లకాగితం ముందు పెట్టి, "వీధి తలుపు గడియ అని రాయి" అన్నారు. తొందర రాశాడు. 'విది తలుపు గడయ.'

"వీడు కాదు" అన్నారు మాస్టారు వెంటనే.

"ఏం కాదు మాస్టారూ? పరీక్ష తప్పానా?"

"నిర్దోషివని తేలింది. పో."

నన్ను రెండుసార్లు రాయించారు. రెండూ పట్టుకుని కిటికీ దగ్గర వెలుతురులో చూశారు. నాకు కోపం వచ్చింది.

"పదేళ్లకు పైగా ఎదురుగా కూర్చున్నదాన్ని మాస్టారూ."

"ఎదురుగా కూర్చున్నవాళ్ల చేతులు బల్ల కింద ఏం చేస్తున్నాయో ఎవరికి తెలుసు?" అన్నారు.

దానికి బదులుగా అన్నట్టు నేనూ ఆయన మీద కన్నేశాను. చేతిరాత కట్టలు ఎంచి బీరువాలో పెట్టేది నేనే. ప్రతి సంపుటంలోనూ తలుపు సన్నివేశం ఉన్న కాగితం ఒక్కటి తగ్గుతోంది. ఎవరికీ చెప్పలేదు.

ఐదో సంపుటం పనిలో ఉండగా ఆయనకు జ్వరం వచ్చింది. ప్రూఫులు ఇచ్చి రమ్మంటే ఒక మధ్యాహ్నం ఆయన గదికి వెళ్లాను. మేడమీద రెండు గదులు, ఒక స్టవ్వు, ఒక మంచం. తలుపు మీద చెయ్యి వెయ్యగానే దానంతటదే తెరుచుకుంది. లోపలివైపు చూస్తే గడియ లేదు. గడియ ఉండాల్సిన చోట నాలుగు మేకుల చిల్లులున్నాయి. ప్రెస్సు తలుపును మూడుసార్లు నెట్టి చూసే మనిషి తన ఇంటి తలుపుకు గడియ పీకేసుకున్నాడు. దిండు పక్కన ఆ కాగితాలున్నాయి, నాలుగూ.

నేను చూశానని ఆయన చూశారు.

"కూర్చో" అన్నారు. జ్వరంలో మనిషి మెత్తబడతాడు కాబోలు. చెప్పారు.

వాళ్ల నాన్న గడియారాలు బాగుచేసేవాడట. తల్లి చిన్నప్పుడే పోయింది. తనూ, ఐదేళ్లు చిన్నదైన చెల్లెలూ. పాత క్యాలెండరు కాగితాల వెనక ఆమెకు అక్షరాలు నేర్పింది తనే. 'అనుమానమొస్తే కింద చుక్క పెట్టు, అన్నయ్య చూస్తాడు' అన్న పద్ధతి అక్కడ పుట్టింది. పెద్దయ్యాక ఇద్దరూ ఒకే ఉద్యోగానికి ఒకే పరీక్ష రాశారు. చెల్లెలు పాసయింది. పొరుగూరు వెళ్లి చేరడానికి తండ్రి ఒప్పుకోలేదు. చెప్పకుండా వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చి, మూడోరోజు సాయంత్రం వానలో తిరిగొచ్చింది.

"మూడుసార్లు కొట్టింది. గడియ నా చేతిలోనే ఉంది. నాన్న కుర్చీలో కూర్చుని తీయొద్దన్నాడు. నాలుగోసారి కొడితే తీద్దామనుకున్నా. కొట్టలేదు. తీసేసరికి వీధిలో ఎవరూ లేరు. తర్వాత ఏరు పొంగింది. పోయిందనుకున్నాం. ఏం చేస్తాం, రాసిపెట్టి ఉంది."

నాకు ఒకటి అతకలేదు. తండ్రి తీయొద్దంటే, నాలుగోసారికి తీద్దామని ఎలా అనుకున్నారు? కాపీకీ ప్రూఫుకీ తేడా కనిపెట్టడమే నా బతుకు; కనిపెట్టకుండా ఉండలేను. ఆరునెలల తర్వాత ఒక వానరోజు ప్రెస్సులో మాటల మధ్యలో ఆయనే, "ఆ రోజు నాన్న ఊళ్లో లేడమ్మా, గడియారం సామాన్లకి వెళ్లాడు" అన్నారు. నా మనసులో ఆ మాట కింద ఒక చుక్క పెట్టుకున్నాను.

ఆరో సంపుటం వచ్చింది. తలుపు సన్నివేశం మళ్లీ వచ్చింది, ఈసారి చెల్లెలి వైపు నుంచి. తలుపు బయట నిలబడి లోపలి మాటలు వింటోంది.

"లోపల్నుంచి ముసలి రాజు అడిగాడు ఫుల్‌స్టాప్ కోట్ ఎవరది ప్రశ్నార్థకం కోట్ అన్న జవాబు చెప్పాడు ఫుల్‌స్టాప్ కోట్ ఎవరూ లేరు నాన్నా కామా గాలి ఫుల్‌స్టాప్ కోట్"

మాస్టారి చేతిలోంచి కలం జారి కాగితం మీద దొర్లింది. పేజీ సగం ఎర్రబడింది.

"మళ్లీ చదువు."

చదివాను.

"గాలి అనే ఉందా?"

"గాలి అనే ఉంది. చుక్క లేదు."

ఆయన కాసేపు ఆ మాట మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు. 'గాలి'లో కొట్టేయడానికి ఏమీ లేదు. దీర్ఘం ఉండాల్సిన చోట ఉంది. ఆ పేజీ చివర్లోనే రాకుమారి అంటుంది: "నా తలుపు మూసినవాడే దాని పేరు కూడా మార్చాడు." ఆ వాక్యం కూడా ఉన్నదున్నట్టు వదిలేశారు. అంతా అయ్యాక, ఆ పేజీలోనే పైనున్న 'వీధి'కి మాత్రం తోక కత్తిరించారు. నాకు అసహ్యం వేసింది. మొదటిసారి నేను ఆయన మొహం వంక సూటిగా చూశాను. ఆయన చూడలేదు.

తర్వాత పద్నాలుగు నెలలు ఏమీ రాలేదు. జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. చెల్లెలు ఇప్పుడు శత్రువుల సేనకు నాయకురాలు. తిరిగొచ్చి అన్నను చంపుతుందా, క్షమిస్తుందా? తొందర పందేలు కట్టించాడు. మాస్టారు మాత్రం తపాలా వచ్చే వేళకు కిటికీ దగ్గర నిలబడటం మొదలుపెట్టారు. ఆయన గర్వం పోయింది, వేళాకోళం పోయింది. టీ గ్లాసు మీద కాగితం కప్పడం కూడా మరిచిపోయేవారు.

ఏడో సంపుటం ఒక సోమవారం వచ్చింది. పంపినవారి చోట ఈసారి పోస్టుబాక్సు లేదు. ఇంటి నంబరు, వీధి పేరు ఉన్నాయి. మాస్టారు పైకాగితాన్ని జాగ్రత్తగా విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మూడు వారాలు చదివాం. శుక్రవారం పొద్దున చివరి పేజీకి వచ్చాం. యుద్ధం ముగిసింది. ఏడు ద్వారాలూ కూలిపోయాయి. కోటకు వెనకాల, జనం నడిచే వీధివైపు ఉన్న చిన్న తలుపు ఒక్కటి మిగిలింది. లోపల అన్న ఒక్కడే ఉన్నాడు. చెల్లెలు సైన్యాన్ని వదిలి ఒంటరిగా వచ్చింది.

"ఆమె వీధి తలుపు నాలుగోసారి కొట్టింది ఫుల్‌స్టాప్" అని చదివి ఆగాను. ఆ తర్వాత ఏమీ లేదు. కాగితం తిప్పి చూశాను. లేదు. పుస్తకం అక్కడితో అయిపోయింది.

మాస్టారు కుర్చీ వెనక్కి నెట్టి లేచారు.

"ఎవరికి చెప్పావు?"

"ఏం చెప్పాను?"

"నాలుగోసారి సంగతి. ఈ భూమ్మీద నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. జ్వరంలో వాగాను, నువ్వు విన్నావు. దానికి ఉత్తరం రాశావా? ఎన్నాళ్లనుంచి రాస్తున్నావు? నువ్వూ అదీ కలిసే నడిపారా ఇదంతా?"

గొంతు ఎంత పెరిగిందంటే పక్క గదిలో మిషను ఆగింది. తొందర తలుపు సందులోంచి తల పెట్టాడు.

"ఏంటక్కా?"

"ఏమీ లేదు, పో" అన్నాను. కోపమో, జాలో, ఇన్నేళ్లుగా బిగబట్టిన ప్రశ్నో, నోరు ఆగలేదు. "మాస్టారూ, ఆవిడ మూడుసార్లు కొట్టి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చి కొడితే అది ఎన్నోసారి అవుతుంది? మూడు తర్వాత వచ్చేది నాలుగే గదా. దానికి నేను చెప్పాలా?"

ఆయన కుర్చీలో మెల్లగా కూర్చున్నారు. నేను చేతిరాత కాగితం ఆయన ముందుకు జరిపాను.

"ఇంకోటి మీరు చూడలేదు. ఇది చూడండి."

ఏడు సంపుటాల్లో మొదటిసారి, 'వీధి' అన్న మాట కింద చిన్న చుక్క ఉంది.

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీశారు. అనుమానమొస్తే కింద చుక్క పెట్టు, అన్నయ్య చూస్తాడు. ముప్పయ్యేళ్ల తర్వాత చెల్లెలు అడుగుతోంది: ఇది విధా, వీధా? నువ్వు చూడు.

"నాన్న తీయొద్దన్లేదమ్మా" అన్నారు చివరికి. "ఊళ్లో లేకపోవడమూ అబద్ధమే. లోపల పడుకునున్నాడు. ఎవర్రా అది అని అడిగాడు. తీయమనేవాడే. ఆ మధ్యాహ్నమే నేను పరీక్ష తప్పానని నాకు ఉత్తరం వచ్చింది. నేను అక్షరాలు నేర్పిన పిల్ల పాసయింది. కాసేపు తడవనీ అనుకున్నా. అంతే. గాలి నాన్నా అన్నాను. అది వింది."

"రాసిపెట్టి ఉందన్నారు కదా?"

"రాసింది నేనే. అచ్చు వేయించింది కూడా నేనే. నలభై ఒకటి మొదటిదాంట్లో, ముప్పై ఆరు రెండోదాంట్లో..." అని ఆగిపోయారు. అన్ని సంపుటాల లెక్కా ఆయనకు కంఠతా ఉన్నట్టుంది.

అప్పుడడిగాను. అడగాల్సింది అప్పుడేననిపించింది.

"మొదటిసారి, పన్నెండో అధ్యాయంలో, తెలిసే కొట్టేశారా మాస్టారూ?"

ఆయన నా వంక చూశారు. ఏదో చెప్పబోయినట్టే ఉంది.

"భోజనాల వేళయింది. నువ్వెళ్లి తిను" అన్నారు.

వెళ్లాను. తిన్నది ఏమిటో గుర్తులేదు. పెరట్లో క్యారియరు కడుక్కుని చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. ఎర్రసిరా బుడ్డికి మూత పెట్టి ఉంది. బుడ్డి మీద కొత్త గీత లేదు. ఆఖరి ప్రూఫు కాగితం నా వైపుకు తిప్పి పెట్టి ఉంది. అలవాటున చెయ్యి కొట్టేసినట్టుంది, 'వీధి' తోక మీద ఎర్ర గీత ఉంది. దాని కింద వరసగా చుక్కలు. నాలుగు. ఉన్నది ఉన్నట్టే ఉండనీ.

దాని పక్కన ఒక చీటీ ఉంది. అచ్చుకు సిద్ధంగా, మధ్యలో గీత గీసి, ఆయన చేత్తో రాసినది.

తప్పొప్పుల పట్టిక. తప్పు: విధి తలుపు. ఒప్పు: వీధి తలుపు. ఏడు సంపుటాల్లోనూ, అన్ని చోట్లా.

ఓనరు గారు ఎప్పుడొచ్చారో నా భుజం మీదుగా చదివారు.

"ఏమిటిది? జనం నెత్తిన పెట్టుకున్న మాట తప్పంటాడా? ఎక్కడ ఈయన?"

చెప్పుల స్టాండు వైపు చూశాను. ఆయన జత లేదు. గొడుగు కొక్కేనికే ఉంది, బయట జల్లు మొదలైనా. క్యారియరు దారం ముడి కూడా విప్పకుండా బల్ల కిందే ఉంది.

ముందు గదిలోకి వెళ్లాను. ప్రెస్సు వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. పట్టపగలు కూడా ఒక రెక్క వేసి ఉంచే మనిషి, రెండు రెక్కలూ గోడకు ఆనేదాకా తీసి వెళ్లారు. చినుకులు గడప దాటి లోపలికి పడుతున్నాయి. వీధి చివర ఆయన నడుస్తున్నారు, తల వంచుకుని, ఆ ఇంటి నంబరున్న పైకాగితాన్ని తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నట్టు, గుండె మీద చెయ్యి వేసుకుని.

"మాస్టారూ!" అని పిలిచాను.

ఆగలేదు. తలుపు వేశానా అని వెనక్కి తిరిగి కూడా చూడలేదు.